మంచుముక్కను దాచిన పెట్టె

1835 శీతాకాలం, వెన్నెల రాత్రి. రష్యాలో మంచు దారిన పోతున్న ఒక గుర్రబ్బండిని దారిదోపిడీగాడు అడ్డగించాడు. బండిలో ఉన్నది మారీ టాలియోని, ఆనాడు యూరప్ అంతా నెత్తిన పెట్టుకున్న బాలే నర్తకి. వాడు నగలు అడగలేదు, నాట్యం చెయ్యమన్నాడు. మంచు మీద చిరుతతోలు పరిచారు. చుక్కల కింద, ఆ ఒక్క ప్రేక్షకుడి కోసం ఆమె ఆడింది. ఆ రాత్రి గుర్తుగా టాలియోని తన నగలపెట్టెలో ఒక మంచుముక్క దాచుకునేదని చెప్పుకునేవారు.

ఇది ఐతిహ్యమే. కానీ దాచుకోవాలనిపించే ఐతిహ్యం. మంచుముక్కేమో కరిగిపోతుంది. అది కరగకుండా ఉండే ఉపాయం 1940లో న్యూయార్క్‌లో ఒకాయన ఆలోచించాడు. గోధుమరంగు వెల్వెట్ తొడిగిన చిన్న చెక్కపెట్టె చేసి, లోపల గాజు ఘనాలను వరుసగా పేర్చాడు. మూత లోపలి వైపు రాళ్ల నెక్లెసు వేలాడదీసి, పక్కనే ఈ కథ అచ్చేసిన కాగితం అతికించాడు. ‘టాలియోనీస్ జ్యువెల్ కాస్కెట్’ అనే ఆ పెట్టె ఇప్పుడు న్యూయార్క్ మ్యూజియమ్ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. చేసిన మనిషి జోసెఫ్ కార్నెల్. టాలియోని 1884లోనే కన్నుమూసింది, ఆయన పుట్టింది 1903లో. తాను చూడని మనిషి జ్ఞాపకాన్ని తన సొంత జ్ఞాపకంలా దాచాడన్నమాట.

గుర్తులు దాచే పెట్టెల్లో ఇంకో రకం ఉంది. మామూలు ఫొటోఫ్రేముకు కొన్ని అంగుళాల లోతు ఇస్తే అది షాడోబాక్స్ అవుతుంది. వెనక చెక్క, ముందు అద్దం, మధ్యలో వస్తువులు. అమెరికాలో పదవీ విరమణ చేసిన సైనికుల పతకాలు, పసిపిల్లల తొలి బూట్లు, పెళ్లి పూలు ఇలాంటి పెట్టెల్లోనే గోడకెక్కుతాయి. మన ఇళ్లలో అటక మీది ట్రంకుపెట్టె చేసే పనే ఇది. కాకపోతే ట్రంకుపెట్టెకు తాళం ఉంటుంది, దీనికి అద్దం ఉంటుంది. ఇంటి గుర్తులు దాచే ఈ పనిని గొప్ప కళగా మార్చినవారిలో కార్నెల్‌ది ముందువరస. చిత్రలేఖనంలోగానీ శిల్పంలోగానీ ఆయనకు చదువు లేదు.

హడ్సన్ నది ఒడ్డున నయాక్ అనే ఊళ్లో కలిగిన కుటుంబంలో పుట్టాడు. 1917లో తండ్రి పోవడంతో ఇల్లు కుదేలైంది. తమ్ముడు రాబర్ట్‌కు సెరిబ్రల్ పాల్సీ. చక్రాల కుర్చీ దాటి కదలలేడు. పెద్దకొడుకు బట్టల కంపెనీలో సేల్స్‌మన్‌గా చేరి న్యూయార్క్ వీధులన్నీ కాలినడకన తిరిగాడు. 1929లో తల్లి, ఇద్దరు కొడుకులు క్వీన్స్‌లోని యుటోపియా పార్క్‌వేలో చిన్న ఇంట్లోకి మారారు. చివరిదాకా కార్నెల్ ఇల్లు అదే. ఆయన పెళ్లి చేసుకోలేదు, ఒక్కసారైనా విదేశం వెళ్లలేదు. యూరప్ హోటళ్ల పేర్లతో ఎన్నో పెట్టెలు చేసినా వాటిలో ఒక్క గది గడపా తొక్కి ఎరగడు.

పని మధ్య దొరికే విరామాల్లో ఆయన అడుగులు ఫోర్త్ అవెన్యూలోని పాత పుస్తకాల కొట్ల వైపు పడేవి. ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల గుట్టల్లో చెయ్యి పెట్టి వెతికినవాళ్లకు ఆ సంబరం వేరే చెప్పక్కర్లేదు. పాత పటాలు, నాటకాల ఫొటోలు, మట్టి పైపులు, గవ్వలు, గడియారం స్ప్రింగులు, అణా కాసుకు దొరికే గాజు సామాను, అన్నీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. వాటిని రకాలవారీగా డబ్బాల్లో సర్ది, పేర్లు రాసి, ఇంటి కింది గదిలో పేర్చేవాడు. ఒక వస్తువుకు తగిన పెట్టె దొరికేసరికి ఒక్కోసారి ఏళ్లు పట్టేది.

వడ్రంగం పక్కింటాయన దగ్గర నేర్చుకున్నాడు. కొత్త చెక్క కొత్తగా కనబడటం ఆయనకు గిట్టేది కాదు. రంగు పూత మీద పూత వేసి ఎండకీ వానకీ వదిలేసేవాడు, వంటింటి ఓవెన్‌లో పెట్టి కాల్చేవాడు. పూత పగిలి, పెచ్చులూడి, నూరేళ్లు ఎక్కడో పడి ఉన్న పెట్టెలా అయ్యాక గానీ తృప్తి ఉండేది కాదు. లోపలి గోడలకు పాత పుస్తకాల కాగితాలు అతికించేవాడు. ఇవాళ ఆ పెట్టెలను కాపాడే మ్యూజియమ్‌వాళ్లు ఏ పగులు కాలం తెచ్చిందో, ఏ పగులు కార్నెల్ తెచ్చిందో ముందు తేల్చుకోవాలి. ఆయన తెచ్చిన పగులును బాగుచేస్తే పెట్టెను పాడుచేసినట్టే.

1936లో ‘సోప్ బబుల్ సెట్’ చేశాడు. చిన్నపిల్లలు సబ్బు బుడగలు ఊదే మట్టి పైపు, గాజు గ్లాసులో గుడ్డు, బొమ్మ తల, వెనక చంద్రుడి పటం. ఊదిన బుడగ చంద్రుడైనట్టు! అదే ఏడాది అది మ్యూజియమ్ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో పెద్ద ప్రదర్శనకు వెళ్లింది. రెండో ప్రపంచయుద్ధం సాగుతుండగా 1943లో చేసిన పెట్టెలో మాత్రం ఈ లాలిత్యం కనబడదు. రంగురంగుల చిలుకల ముందు అద్దానికి తూటా తగిలినట్టు పగులు, చుట్టూ చిమ్మిన రంగు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి యుద్ధం గురించి ఆ అద్దంతోనే మాట్లాడాడు.

పేరు వచ్చినా ఇంటి దినచర్య మారలేదు. పగలు తమ్ముడి సేవ, రాత్రి వంటింటి బల్ల మీద పని. రాబర్ట్‌కు బొమ్మ రైళ్లంటే ప్రాణం. ఎలుకల, కుందేళ్ల బొమ్మలు గీసేవాడు. 1965లో రాబర్ట్ పోయాడు, మరుసటి ఏడాది తల్లి పోయింది. 1966 మొదట్లో కార్నెల్ న్యూయార్క్ గ్యాలరీలో తమ్ముడి పేరు మీద స్మారక ప్రదర్శన పెట్టాడు. రాబర్ట్ గీసిన బొమ్మల పక్కన, వాటిని కలుపుకుని తాను చేసిన కొలాజ్‌లు ఉంచాడు. జీవితమంతా పరాయివాళ్ల గుర్తులు ఏరి దాచిన చేతులకు అప్పుడు సొంతింటి గుర్తులు దొరికాయి. అన్నీ కలిపి చూస్తే, గది దాటలేని మనిషి దగ్గరికి ప్రపంచాన్ని తెచ్చిపెట్టడానికే ఆ పెట్టెలన్నీ పుట్టాయేమో అనిపిస్తుంది.

1972లో న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్‌లో ఆయన పెట్టెలతో పిల్లల కోసం ఒక ప్రదర్శన జరిగింది. పెట్టెలను పిల్లల కళ్లకు అందే ఎత్తులో బిగించారు. ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్లకు ద్రాక్షసారాకు బదులు చెర్రీ కోలా, బ్రౌనీ కేకులు పెట్టారు. పిల్లలు ముక్కులు అద్దానికి ఆనించి చూస్తుంటే, పెద్దవాళ్లు నడుం వంచి చూడాల్సి వచ్చింది. ఆ ఏడాది డిసెంబర్ 29న కార్నెల్ యుటోపియా పార్క్‌వే ఇంట్లోనే కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 69 ఏళ్లు నిండి అయిదు రోజులు. కింది గదిలో ఇంకా ఏ పెట్టెకూ ఎక్కని గవ్వలు, బంతులు, స్ప్రింగులు డబ్బాల్లో మిగిలాయి. అవిప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియమ్‌లో భద్రంగా ఉన్నాయి.