రాజశేఖర చరిత్రము: ప్రథమ ముద్రణ నిర్ణయము

కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878 నాటిదని కొందఱు, 1880 నాటిదని కొందఱు వ్రాయుచున్నారు. రెండును నిరాధారములు గావు. 1878లో నది ‘వివేకవర్ధని’ పత్రికలో ప్రకటిత మగుచుండెను. పుస్తకరూపము దాల్చినది 1880లో. పంతులుగారు పత్రికాపాఠమును పుస్తకమున నెంత దిద్దిరో తేల్పఁగోరు పరిశోధకునకు ఈ రెండేండ్ల యెడమే ప్రధానము.

వికారాబాదులోనో తాండూరులోనో ఒక పాత యింటి పెట్టెలో ముఖపత్రము చిరిగిన ప్రతి చిక్కిన దనుకొందము. పీఠిక క్రింది తేదినిఁబట్టి ప్రథమ ముద్రణ మనరాదు. పునర్ముద్రణములలో తొలి పీఠికను తేదితోఁగూడ నచ్చొత్తుట కలదు. హచిన్‌సన్ గారి యాంగ్లానువాదము లండనులో 1887లో వెలువడెను. దానిని పేర్కొను ప్రతి యెంత శిథిలమైనను తొలి ముద్రణము కానేరదు. చెదలకు ముద్రణ సంవత్సరముతోఁ బనిలేదు గదా!