గస్తీ పడవల ప్రతిరూపములు

మహానౌకల యుద్ధకథలు గ్రంథములకెక్కినవి. చిన్న పడవల సంగతి అట్లు కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా నౌకాదళము పసిఫిక్ దీవుల నడుమ రాత్రివేళల గస్తీకి నడిపిన పి.టి. పడవలలో నేడు మిగిలినవి అతి స్వల్పము. వాని రూపమును మనకు తెలుపుచున్నవి ఎక్కువగా మూరెడైనను లేని నమూనాలే.

ఈ పడవలు కొయ్యతో చేసినవి. న్యూజెర్సీలోని బయోన్ పట్టణమున ఎల్కో సంస్థ నిర్మించిన పడవ పొడవు 80 అడుగులు. మహాగని పలకలను రెండు పొరలుగా పరచి, నడుమ జిగురు పట్టించిన గుడ్డను చేర్చెడివారు. మూడు పెట్రోలు యంత్రముల బలముతో అది గంటకు సుమారు 40 నాటికల్ మైళ్ళు పరుగిడెడిది. ఉక్కు కవచము లేదు. చీకటియు వేగమునే దానికి రక్ష.

1943 ఆగస్టు 2వ తేదీన, ఇంకను తెల్లవారకముందే, సాలమన్ దీవులలోని బ్లాకెట్ జలసంధిలో జపాను విధ్వంసకనౌక అమగిరి పి.టి. 109ను ఢీకొని చీల్చివేసెను. పడవలోని 13 మందిలో ఇద్దరు మరణించిరి. దాని నాయకుడు జాన్ కెనెడీ 1961లో అమెరికా అధ్యక్షుడగుటచే ఆ పడవ పేరు జగద్విదితమైనది. 1963లో రెవెల్ సంస్థ దాని ప్లాస్టిక్ నమూనాను విడిభాగములుగా విక్రయించెను. అది నిజపడవలో 72వ వంతు. అనగా సుమారు 13 అంగుళముల పొడవు.

నమూనా చేయువారికి ఇచట ఒక చిక్కు కలదు. చివరి ప్రయాణమునకు ముందు నావికులు సైన్యమునకు చెందిన 37 మిల్లీమీటర్ల ఫిరంగి నొకదానిని సంపాదించి, పడవ ముందుభాగమున దుంగలకు కట్టిరి. కర్మాగారపు పటములలో ఇది కానరాదు. పటమును మాత్రమే అనుసరించినవాడు కర్మాగారమున పుట్టిన పడవను చేయును. విచారించి ఫిరంగిని చేర్చినవాడు, ఆ రాత్రి మనుష్యులు తమ ప్రాణములను నమ్ముకొని ఎక్కిన పడవను చేయును.

యుద్ధము ముగిసిన పిమ్మట, ఫిలిప్పైన్సులోని సమర్ దీవివద్ద నూటికి పైగా పడవలను నౌకాదళమే తగులబెట్టెను. కొయ్య శిథిలమైనది, పోషణవ్యయము అధికము, శాంతికాలమున వానితో పని లేదు. పి.టి. 109 కొరకు 2002లో రాబర్ట్ బల్లార్డ్ సముద్రగర్భమును వెదకగా, ఒక టార్పెడోయు, దానిని ప్రయోగించు గొట్టమును కనబడినవి.

కావున ఇట్టి నమూనాను పిల్లల ఆటవస్తువని త్రోసిపుచ్చరాదు. అయితే అందులో మనుష్యులుండరు. ఆ ఇరుకు పడవపై 13 మంది ఎక్కడెక్కడ నిలిచి చీకటిలోనికి చూచుచుండిరో ఊహించుకొనుట చూచువారి వంతు.