పన్నెండు అందరికీ కనబడుతుంది

తలుపు వేసినా టోలిచౌకి ఫ్లైఓవర్ కింది హారన్ల మోత సగమే తగ్గింది. కళ్లద్దాల షాపులో వెనక గది ఇది. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. "గడ్డం ఇక్కడ పెట్టండి సార్, నుదురు పట్టీకి ఆనించండి," అంటోంది ఆప్టోమెట్రీ చదివిన అమ్మాయి. మిషన్ లోపల తిన్నని రోడ్డు, రోడ్డు చివర రంగురంగుల హాట్ ఎయిర్ బెలూన్. అది మసకబారుతుంది, తేటబడుతుంది, మళ్లీ మసకబారుతుంది.

మసకకు కారణం మీ కన్ను కాదు. ఎదురుగా ఏదో దగ్గరి వస్తువుందనుకుని కన్ను బిగుసుకుంటే కొలత తప్పిపోతుంది. అందుకని దూరపు బొమ్మ చూపించి, దాన్ని కావాలనే మసక చేసి, లోపలి కండరం సడలేలా చేస్తారు. ఈలోపు మీకు కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కంటిపాప గుండా వెళ్లి, రెటీనాకు తగిలి తిరిగొస్తుంది. అది వచ్చిన తీరును బట్టి మిషన్ పవర్ లెక్కగట్టి చీటీ ముద్రిస్తుంది. మిమ్మల్ని ఒక్క మాటా అడగలేదు. ఈ షాపులో మీ నోటితో పని లేకుండా తేలే పరీక్ష ఇదొక్కటే.

మీరు ఫిల్మ్‌నగర్‌లో ఓ డీఐ స్టూడియోలో కొత్తగా చేరిన అసిస్టెంటు. షూటింగ్ అయిన సినిమాలో ప్రతి షాట్‌కూ రంగూ వెలుగూ సరిచేసే చోటది. నిన్న రాత్రి ఓ సీన్ చూస్తూ, హీరోయిన్ చెంప ఆకుపచ్చ వైపు లాగుతోందన్నాడు సీనియర్. మీకు ఏ తేడా కనబడలేదు. "తమ్ముడూ, ఓసారి కళ్లు చూపించుకో. తిట్టట్లేదు, నిజంగానే చెప్తున్నా," అన్నాడు.

చార్ట్ మీ తల వెనక ఉంది. మీరు చూస్తున్నది ఎదుటి గోడ మీది అద్దంలో. గది మూడు మీటర్లే కాబట్టి అద్దం పెట్టి ఆరు చేశారు, చార్ట్ మీద అక్షరాలు తిరగేసి వేశారు. హెర్మన్ స్నెల్లెన్ అనే డచ్ వైద్యుడు 1862లో ఈ చార్ట్ పద్ధతి పెట్టాడు. ఆరు మీటర్ల నుంచి చదివే లెక్కన అన్నిటికంటే పై అక్షరం ఎత్తు 87 మిల్లీమీటర్లు, 6/6 వరుసలోది తొమ్మిది కూడా ఉండదు.

"తెలుగా, ఇంగ్లీషా సార్?"

తెలుగంటారు. నన్నడిగితే తెలుగు చార్ట్ దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండాలి. మన అక్షరాలన్నీ గుండ్రాలే, చిన్న కొమ్ములోనో చుక్కలోనో తేడా. చదువుకున్నవాడు కనబడకపోయినా ఊహించి చెప్పేస్తాడు. మీరు కూడా ఆఖరి వరుసలో అదే చేస్తున్నారు. ఆ అమ్మాయి నవ్వి, "ఊహించకండి," అంటుంది.

ట్రయల్ ఫ్రేమ్ ముక్కు మీద బరువుగా కూర్చుంది. అద్దాలు మారుతున్నాయి. ఇది బాగుందా, ఇది బాగుందా? చివర్లో చార్ట్ సగం ఎరుపు, సగం ఆకుపచ్చ అవుతుంది. "ఏ వైపు అక్షరాలు నల్లగా, తేటగా ఉన్నాయి?" రంగు పరీక్ష వచ్చిందని మీ గుండె గుబేలుమంటుంది. కానీ ఇది రంగు పరీక్ష కాదు. ఆకుపచ్చ వెలుగు కంట్లో కాస్త ముందు, ఎరుపు కాస్త వెనక కలుస్తుంది. పవర్ సరిగ్గా కుదిరితే రెండు వైపులా ఒకేలా ఉంటాయి. రంగుల తేడా తెలియనివాడు కూడా కుడి, ఎడమ అని చెప్పి దీన్ని దాటేస్తాడు. మీరూ దాటేశారు.

అసలుది ఇప్పుడు వస్తోంది. ఆమె టేబుల్ సొరుగులోంచి పుస్తకం తీసి, కిటికీ దగ్గరికి రమ్మంటుంది. "ట్యూబులైటు కింద వద్దు సార్, రంగులు మారతాయి." పేజీలను వేలితో ముట్టనివ్వదు. చెమట తగిలితే రంగు పోతుంది, రంగు పోతే పరీక్షే తప్పుతుంది. పుస్తకం మీ కళ్లకు ముప్పావు మీటరు దూరంలో నిలబెడుతుంది. పేజీకి మూడు సెకన్లు.

మొదటి పేజీలో 12. ఇది అందరికీ కనబడుతుంది. మీకు పద్ధతి అర్థమైందా, అబద్ధమాడుతున్నారా అని చూసుకోవడానికే ఉందది. రెండోదాంట్లో 8 అంటారు, కాస్త ఆగి. తర్వాత ఇంకో పేజీ తిరిగింది. "21."

ఆమె పెన్ను ఆగదు, కానీ కాగితం మీద గీత పడటం మీరు విన్నారు. అక్కడ ఉన్నది 74.

ఇంకో నాలుగు పేజీలు. ఓ చోట చుక్కలు తప్ప ఏమీ లేవు. ఇంకో చోట 45 అని ధైర్యంగా చెప్తారు. ఆ అమ్మాయి పుస్తకం తన వైపు తిప్పి చూసుకుంటుంది. ఆమెకు అక్కడ ఏ అంకె లేదు, చుక్కలే. ఎరుపు-ఆకుపచ్చ తేడా బాగా తెలిసిన కన్ను ఆ రంగుల గందరగోళంలో చిక్కుకుంటుంది. తెలియని కన్ను దాన్ని పక్కకు నెట్టి, కింద దాచిన అంకెను పట్టేస్తుంది. టోక్యోలో షినోబు ఇషిహారా ఈ పలకలను 1917లో అచ్చు వేయించాడు, సైన్యంలో చేరేవాళ్లను పరీక్షించడానికి. ముప్పై ఎనిమిది పలకల్లో నాకు అన్నిటికంటే తెలివైనవి ఈ దాచిన అంకెలే. బాగా చూడగలిగినవాడు ఓడిపోయే పరీక్ష ఇంకెక్కడైనా ఉందా?

"26లో ఏ అంకె బాగా కనబడుతోంది?" "రెండు. ఆరు పలచగా ఉంది." "గ్రీన్ వైపు వీక్ సార్, కొంచెమే. పెద్దాసుపత్రిలో ఓసారి ఖాయం చేసుకోండి."

ఇరవై నాలుగేళ్లు ఎలా తెలియకుండా పోయింది? ఆకు ఆకుపచ్చని ఎవరో చెప్పారు, మీరూ అదే చెప్పారు. మీరు చెప్పే పేరూ వాళ్లు చెప్పే పేరూ ఒకటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఈ లోపం చాలావరకు తల్లి వైపు నుంచి కొడుకుకు వస్తుంది, తల్లికి సాధారణంగా ఏమీ ఉండదు. యూరప్ మగవాళ్లలో నూటికి ఎనిమిది మందికి ఉంటుంది, ఆడవాళ్లలో రెండొందలకు ఒకరికి. మన దగ్గర మగవాళ్లలో అంతకన్నా తక్కువ.

బయట ఆటో. "ఫిల్మ్‌నగరా? నూట ఇరవై ఇయ్యన్నా, ట్రాఫిక్ సూస్తున్నవ్ గద." షేక్‌పేట్ సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం. పైన వెలిగింది కాబట్టి ఎరుపు, అంతే. ఇన్నాళ్లూ మీరు రంగు చూశారో, చోటు చూశారో ఇప్పుడు తేల్చుకోలేరు.

పాతకాలపు రైలు దీపాలకు చోటు చూసి పోల్చుకునే వెసులుబాటు లేదు. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాక, ఫ్రిత్యోఫ్ హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త రైల్వే సిబ్బందికి ఉన్ని దారపు చుట్టలతో పరీక్ష పెట్టాడు. రంగు పేరు అడగలేదు. ఒక చుట్ట ఇచ్చి, దానికి కలిసేవి కుప్పలోంచి ఏరమన్నాడు. పేర్లు కంఠస్థం చేసినవాడు అక్కడే దొరికిపోయాడు. మన రైల్వేలో ఇప్పటికీ డ్రైవరు ఇషిహారా పలకలు, లాంతరు పరీక్ష దాటాలి. రోడ్డు మీద పట్టు కాస్త సడలింది. కొద్దిపాటి, మధ్యస్థాయి లోపం ఉన్నవాళ్లకు లైసెన్సు ఇవ్వొచ్చని కేంద్రం 2020లో నిబంధన మార్చింది. ఈ లోపంతో ఉద్యోగం పోయిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకు తగిన వేరే పని ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో చెప్పింది.

షాపులో అమ్మాయి చెప్పిన పెద్దాసుపత్రి ఏదో చెప్పక్కర్లేదు. సినిమావాళ్ల రాకతో ఈ చుట్టుపక్కల కొండలు మారితే, సినిమా డబ్బుతో ఇక్కడ కంటి ఆసుపత్రి లేచింది. 'ఆలం ఆరా'లో వేషం వేసిన ఎల్.వి. ప్రసాద్ కుటుంబం ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇస్తే, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నిలబెట్టారు.

డీఐ గదిలో అడుగుపెడతారు. గోడలు బూడిద రంగు, కర్టెన్ బూడిద రంగు, సీనియర్ టీషర్టూ అదే. పక్కన ఏ రంగున్నా కన్ను మోసపోతుంది. మానిటర్‌కు ప్రోబ్ తగిలించి ఉంది. తెలుపు 6500 కెల్విన్ దగ్గరే నిలిచిందా లేదా అని దాన్ని తరచూ కొలుస్తారు. ఆ మానిటర్ చూసే కంటిని మాత్రం ఎవరూ కొలవరు.

చీటీ చూసి ఆయన మూల బీరువాలోంచి చెక్క పెట్టె తీస్తాడు. ఫార్న్స్‌వర్త్-మన్సెల్ 100 హ్యూ. పేరులో నూరున్నా మూతలు 85, నాలుగు ట్రేలు. 1943 నాటి పరీక్ష. ఎవరో తెప్పించారు, సీలు ఇప్పుడు తెగింది. చివరి మూతలు రెండూ కదలవు. మధ్యవాటిని ఆ రంగు నుంచి ఈ రంగుకు మెట్టుమెట్టుగా పేర్చాలి. ఇక్కడా పేరు అడగరు.

మీరు పేరుస్తారు. ఆయన ఒక్కో మూత తిరగేసి, అడుగున ఉన్న నంబరు చూసి రాసుకుంటాడు. తప్పులు మొదటి ట్రేలోనూ, మూడోదాంట్లోనూ గుంపుగా ఉన్నాయి, మిగతావి శుభ్రంగా వచ్చాయి. షాపులో చెప్పిన మాటే.

"నన్ను తీసేస్తారా అన్నా?"

"ఎందుకు? స్కోప్ ఉంది కదా." స్క్రీన్ పక్కన వెక్టర్‌స్కోప్ తెరుస్తాడు. ఎరుపుకూ పసుపుకూ మధ్య ఓ గీత, చర్మం రంగు ఆ గీత పక్కనే ఉండాలి. "నీ కన్ను నమ్మకు, దీన్ని నమ్ము. చివరి చూపు నేను చూసుకుంటా." పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగ్ సీటు ఇదే కారణంగా చేజారిన ఒకాయన కోర్టుకెక్కితే, వర్ణాంధత్వం ఉన్నవాళ్లను ఏ కోర్సుకూ ఆపొద్దని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తేల్చిందని మీకు చెప్పేదీ ఆయనే.

"మీరెప్పుడు చేశారన్నా ఈ పరీక్ష?"

ఆయన తల అడ్డంగా ఊపి, ట్రే తన వైపు లాక్కుంటాడు. ఇరవై ఏళ్లుగా సినిమాల రంగు సరిచేస్తున్న చేయి చకచకా పేరుస్తుంది. ఇప్పుడు మూతలు తిప్పేది మీరు. ఎరుపుల్లో ఒక్క తప్పు లేదు. మూడో ట్రేలో, నీలం-ఆకుపచ్చ మొదట్లో, మూడు మూతలు తారుమారు. వయసుతో కంటి లెన్సు పసుపు తిరుగుతుంది, నీలాలు ముందు అక్కడే తడబడతాయి. ఆయన రెండోసారి చూస్తాడు, మూడోసారి చూస్తాడు.

"ఈ టేబుల్ ల్యాంప్ బల్బు మార్చాలి రా," అంటాడు.

ల్యాంపులో ఉన్నది గత వారమే పెట్టిన 6500 బల్బు. అట్ట డబ్బా ఇంకా బల్ల మీదే ఉంది.