మూసీ నీళ్ల సీసా: హైదరాబాద్‌లో పర్యావరణ శిక్షణ ఎలా మొదలైంది

హైదరాబాద్‌లో పర్యావరణ శాస్త్రవేత్త కంటే ముందు శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. బావి నీళ్లు తాగడానికి పనికొస్తాయా, మురుగు ఎటు పోతోంది, కలరా ఏ వీధిలో మొదలైంది అని ఆరా తీయడం అతని పని. ఈ పనిలో చాలా భాగం తర్వాతి కాలంలో పర్యావరణ శాస్త్రం అనే పేరుతో కాలేజీ మెట్లెక్కింది. పని పాతదే. దానికి చదువు, ఆ చదువుకో సర్టిఫికెట్టు ఆలస్యంగా వచ్చాయి. వచ్చినప్పుడల్లా వాటి ముందు ఒక ప్రమాదమో, ఒక చట్టమో, ఒక కోర్టు తీర్పో నడిచింది.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద నగరాన్ని ముంచెత్తి వేల మందిని బలి తీసుకుంది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచించిన ప్రణాళికలోంచి ఎగువన 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. వరదను ఆపడానికి కట్టిన ఈ చెరువులే ఊరికి మంచినీళ్లూ ఇచ్చాయి. నగరానికి భూగర్భ డ్రైనేజీ పథకం కూడా అప్పటిదే. నది పడమటి నుంచి తూర్పుకు పారుతుంది కాబట్టి తాగే నీళ్లు పడమట, వాడి వదిలిన నీళ్లు తూర్పున అన్న పంపకం అప్పుడే స్థిరపడింది. మురుగు చాదర్‌ఘాట్, మలక్‌పేట దాటుకుని అంబర్‌పేట, నాగోలు వైపు సాగేది. మూసీకి దక్షిణపు గట్టున ఉన్న సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లు ఈ కిందివైపు భాగంలోకి వస్తాయి. నగరం దాటాక ఆ మురుగునీటితోనే రైతులు పశువులకు పారాగడ్డి పెంచారు.

నీటి పరీక్ష కూడా ఇలాగే రెండు దారులు పట్టింది. మంచినీళ్లలో క్రిములున్నాయేమో చూడటం ఆరోగ్య శాఖ బాధ్యత. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఆ పరీక్షలు జరిగేవి. మురుగు సంగతి డ్రైనేజీ ఇంజనీర్లది. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివేవాళ్లకు నీటి సరఫరా, మురుగు పారుదల ఒక పాఠ్యాంశంగా ఉండేవి. గొట్టం వాలు ఎంతుండాలి, మ్యాన్‌హోల్ ఎక్కడ కట్టాలి అన్నది అక్కడి లెక్క. ఆ నీళ్లు చివరకు ఏ నదిలో కలుస్తాయి, కలిశాక ఏమవుతుంది అన్నది ఎవరి సిలబస్‌లోకీ రాలేదు.

ఈ రెంటినీ ఒకచోట చేర్చే ప్రయత్నం దేశంలో వేరే ఊళ్లలో మొదలైంది. 1932లో కలకత్తాలో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ వెలిసింది. 1958లో నాగపూర్‌లో కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ఏర్పడింది. 1972లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు జరిగింది. ఆ తర్వాత రెండేళ్లకు, 1974లో, నాగపూర్ సంస్థ పేరులోంచి ప్రజారోగ్యం తప్పుకొని పర్యావరణం వచ్చి చేరింది. అదే నేటి నీరి. దాని ప్రాంతీయ ప్రయోగశాల ఒకటి హైదరాబాద్‌లో ఉంది. బోర్డు మారినంత మాత్రాన బల్లమీది సీసాలు మారలేదు. ఆ సీసాలకు లెక్క చెప్పాల్సిన చోటు మాత్రం మారింది. అంతవరకు మునిసిపాలిటీకి చెబితే సరిపోయేది. ఇకమీదట కోర్టుకు కూడా చెప్పాలి.

దీనికి కారణం అదే 1974లో వచ్చిన జల కాలుష్య నివారణ చట్టం. ఆంధ్రప్రదేశ్ దీన్ని తర్వాత స్వీకరించింది, 1976లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. కాలుష్య నివారణలో పనిచేసేవారికి శిక్షణ ఇవ్వడం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విధి అని, అందులో రాష్ట్ర మండలులు చేయి కలపాలని చట్టంలోనే రాసి ఉంది. అంతకంటే ఆసక్తికరమైంది నమూనా తీసే పద్ధతి. ఫ్యాక్టరీ వ్యర్థజలం నమూనాను పరీక్షకు పట్టేటప్పుడు యజమానికి అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి. అతని ఎదుట నమూనాను రెండు భాగాలు చేసి, వేర్వేరు పాత్రల్లో పోసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఈ పద్ధతి తప్పితే పరీక్ష ఫలితం కోర్టులో సాక్ష్యంగా నిలవదు. కాబట్టి కెమిస్ట్రీలో ఎంత దిట్ట అయినా, సీలు సరిగ్గా వేయడం రాని ఉద్యోగి మండలికి పనికిరాడు. కాలేజీ ప్రయోగశాలలో టైట్రేషన్ నేర్పుతారు గాని, ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి నోటీసు ఇవ్వడం నేర్పరు. శిక్షణ అవసరం మొదట తెలిసొచ్చింది ఇక్కడే.

ప్రయోగశాల పనిలోనూ నేర్చుకోవలసింది తక్కువేమీ కాదు. మురుగునీటి పరీక్షల్లో అన్నిటికంటే పాతుకుపోయింది బీఓడీ. నీటిలోని సేంద్రియ మలినాన్ని బాక్టీరియా తినేటప్పుడు ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో అది చెబుతుంది. మూత బిగించిన 300 మిల్లీలీటర్ల సీసాను ఇంక్యుబేటర్‌లో ఉంచి, ముందూ తర్వాతా కరిగి ఉన్న ఆక్సిజన్‌ను కొలుస్తారు. మాంగనీస్ సల్ఫేటు, క్షార అయోడైడు పోస్తే నీళ్లలో ఆక్సిజన్ ఉన్నంత మేరకు గోధుమ రంగు అవక్షేపం దిగుతుంది. ఆమ్లం పోసి దాన్ని కరిగించి, స్టార్చి చుక్కలు వేసి, థయోసల్ఫేటుతో నీలిరంగు పోయేదాకా టైట్రేట్ చేస్తారు. ఒక్క గాలి బుడగ లోపల చిక్కుకున్నా లెక్క తప్పుతుంది. పుస్తకాల్లో ఉన్న పద్ధతి 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు. ఈ ఐదు రోజుల గడువు బ్రిటన్‌లో 1912 నాటి రాయల్ కమిషన్ నివేదిక నుంచి వచ్చింది. ఆ దేశపు నదులేవీ సముద్రం చేరడానికి ఐదు రోజులకు మించి తీసుకోవు గనుక ఆ గడువు పెట్టారని అంటారు. అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీకి ఆ లెక్కతో సంబంధమేముంది? భారత ప్రమాణం ఆ తర్వాత 27 డిగ్రీలు, మూడు రోజులకు మారింది. ఈ దేశపు ఎండకు తగిన మార్పే.

శిక్షణ కోసం నిజంగా ఒత్తిడి తెచ్చింది పటాన్‌చెరు. హైదరాబాద్ శివార్లలో పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల్లో మందుల కంపెనీలు 1970ల నుంచి పెరిగాయి. వాటి వ్యర్థాలు నక్కవాగులో కలిసి చెరువులు, బావులు పాడయ్యాయని గ్రామస్థులు గగ్గోలు పెట్టారు. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు దుర్ఘటన జరిగింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1990లో పటాన్‌చెరు వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. కోర్టు నివేదికలు అడిగింది. నివేదిక రాయాలంటే కొలతలు కావాలి, కొలవడానికి చేయి తిరిగినవాళ్లు కావాలి. వాళ్ల కొరత అప్పుడు బయటపడింది.

1992లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీడన్ అభివృద్ధి సంస్థ సీడా తోడ్పాటుతో ఎన్విరాన్‌మెంట్ ప్రొటెక్షన్ ట్రైనింగ్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించింది. ఎప్ట్రీ అని పిలిచే ఈ సంస్థ గచ్చిబౌలిలో ఉంది. పేరులో పరిశోధన కంటే ముందు శిక్షణ ఉండటం గమనించాలి. ఇది డిగ్రీ ఇచ్చే కాలేజీ కాదు. కాలుష్య మండలుల ఉద్యోగులు, పరిశ్రమల్లో శుద్ధి ప్లాంట్లు చూసేవారు, ప్రభుత్వ శాఖల అధికారులు కొన్ని రోజులో కొన్ని వారాలో వచ్చి నేర్చుకుని వెళ్లే చోటు. రాష్ట్రంలో పర్యావరణ శిక్షణకు సొంత ప్రయోగశాల, సొంత కప్పు దొరికింది ఇక్కడే.

స్వీడన్‌తో ఈ కథకు మరో ముడి ఉంది. పటాన్‌చెరులో 1990లలో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి ప్లాంటు పెట్టారు. గోథెన్‌బర్గ్‌కు చెందిన యోఅకిమ్ లార్సన్ బృందం అక్కడి నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి 2007లో ఒక పత్రం ప్రచురించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చింది. అది చికిత్స పొందే రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. బీఓడీ, సీఓడీ, పీహెచ్ వంటి మామూలు కొలతలు తీయడం నేర్చినవారు అక్కడ ఎన్నో ఏళ్లు నీళ్లు పట్టారు. మందును వెతకమని ఏ ప్రమాణమూ చెప్పలేదు, కాబట్టి ఏ శిక్షణా నేర్పలేదు. తప్పు వాళ్లది అనడానికి వీల్లేదు. చట్టం ఏది అడిగితే దానినే నేర్పే చదువుకు ఈ లోటు ఎప్పుడూ ఉంటుంది.

శాస్త్రజ్ఞుల అవసరాన్ని సుప్రీంకోర్టు సూటిగా చెప్పిన తీర్పు కూడా హైదరాబాద్ నుంచి వెళ్లిన కేసులోదే. హిమాయత్ సాగర్ పరివాహక ప్రాంతంలో, శంషాబాద్ దగ్గర, ఆముదం నుంచి రసాయనాలు తయారుచేసే ఫ్యాక్టరీకి అనుమతి నిరాకరించడంపై వివాదం నడిచింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల దాకా కాలుష్య పరిశ్రమలను నిషేధిస్తూ 1996 మార్చిలో ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు మధ్య నడిచిన ఈ కేసులో 1999 జనవరి 27న తీర్పు వచ్చింది. నిపుణుల నివేదికలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు న్యాయమూర్తులే శాస్త్రం తేల్చలేరని, పర్యావరణ వివాదాలు వినే సంస్థల్లో శాస్త్రవేత్తలు కూడా కూర్చోవాలని కోర్టు అంది. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చినప్పుడు న్యాయమూర్తుల పక్కన నిపుణ సభ్యులకు చోటు కల్పించారు. ఆ చట్టానికి దారితీసిన ఆలోచనల్లో ఈ తీర్పు ఒకటి.

కాలేజీల సంగతికి వస్తే, విశ్వవిద్యాలయాలు రెండు వైపుల నుంచి ఈ చదువులోకి వచ్చాయి. సైన్సు విభాగాల్లో ఎం.ఎస్సీ. పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగ్ వైపు ఎం.టెక్. వచ్చాయి. ఉస్మానియా, జేఎన్‌టీయూ రెండూ ఈ దారి పట్టాయి. వీటి మధ్య ఉన్న ఖాళీలోకి పీజీ డిప్లొమా వచ్చింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టి, తర్వాత అంబేద్కర్ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం దూరవిద్యలో పర్యావరణ అధ్యయనాల పీజీ డిప్లొమా నడిపింది. ఉద్యోగం మానకుండా, ఆదివారం తరగతులతో, ఇంటికొచ్చిన పాఠాలతో చదువుకోవడానికి వీలు కల్పించింది. ఈ డిప్లొమాను అంచనా వేసేటప్పుడు మొహమాటం అక్కర్లేదు. కాలుష్య మండలిలో ఇంజనీరు పోస్టు కావాలంటే బీటెక్ అడుగుతారు, అనలిస్టు పోస్టుకు సైన్సు పీజీ అడుగుతారు. కేవలం డిప్లొమాతో ఆ తలుపులు తెరుచుకోవు. అప్పటికే ఒక డిగ్రీ ఉండి, పని కూడా ఉన్నవాళ్లకు అది అదనపు అర్హతగా పనికొచ్చింది. కంపెనీల్లో భద్రత, పర్యావరణం చూసేవాళ్లకు, సైన్సు టీచర్లకు, స్వచ్ఛంద సంస్థల వాళ్లకు చట్టాన్నీ శాస్త్రాన్నీ ఒకే కట్టలో అందించింది. దూరవిద్యలో అందనిది సీసా పట్టుకోవడమే.

డిగ్రీ విద్యార్థులందరికీ పర్యావరణ పాఠం తప్పనిసరి కావడం వెనక పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యం ఉంది. 1991 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అమలు నత్తనడక నడవడంతో 2003 డిసెంబరులో మళ్లీ గట్టిగా చెప్పింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఎనిమిది యూనిట్ల పాఠ్యాంశం తయారుచేసింది. మొత్తం 50 తరగతులు, చివరి యూనిట్ క్షేత్ర పర్యటన. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట చుట్టుపక్కల డిగ్రీ చదివే కామర్సు విద్యార్థి కూడా ఈ పేపరు రాశాడు. క్షేత్రం కోసం దూరం వెళ్లక్కర్లేదు. సరూర్‌నగర్ చెరువు పక్కనే ఉంది. వినాయక నిమజ్జనాలు, మురుగు, పూడిక, పునరుద్ధరణ, మళ్లీ మురుగు... పాఠ్యపుస్తకంలోని అధ్యాయాలన్నీ ఆ కట్ట మీద నిలబడి చూడవచ్చు. ఎంతమంది నిలబడ్డారన్నది వేరే మాట.

సైదాబాద్‌కు ఈ చదువులో సొంత చిరునామా ఒకటుంది. సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రీడా, తన పత్రాల్లో సైదాబాద్ పోస్టు, హైదరాబాద్ 500059 అని రాసుకుంటుంది. మట్టి, వాన గురించి ప్రపంచవ్యాప్తంగా వెలువడే శాస్త్ర పత్రికల్లో సైదాబాద్ పేరు కనిపించడానికి కారణం ఇదే. 1970లో కెనడా సహకారంతో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన మెట్ట సేద్యపు సమన్వయ పథకం 1985లో ఈ సంస్థగా మారింది. ఎల్బీనగర్ దాటాక విజయవాడ దారిలో హయత్‌నగర్‌లో దాని పరిశోధన క్షేత్రం ఉంది. గునుగల్‌లో మరొకటి. దేశమంతటి వ్యవసాయ వాతావరణ పథకాన్ని ఇక్కడి నుంచే నడుపుతారు. 2011లో మొదలైన నిక్రా పథకానికి కూడా ఇదే కేంద్రం. వాతావరణ మార్పును తట్టుకునే సేద్యం దాని విషయం. వాలులో మట్టి ఎంత కోసుకుపోతోంది, వానలో ఎన్ని మిల్లీమీటర్లు ఇంకింది, కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పైరు ఏమవుతుంది అని కొలవడం ఇక్కడి నిత్యకృత్యం. దీన్ని పర్యావరణ శాస్త్రం అని ఎవరూ పిలవరు, వ్యవసాయ శాస్త్రం అంటారు. శాఖల గోడలు లేకపోతే రెంటికీ తేడా చెప్పడం కష్టం.

గత దశాబ్దంలో శిక్షణ మళ్లీ మొదటి మెట్టుకు, చేతిపనికి వచ్చింది. 2017లో కేంద్ర పర్యావరణ శాఖ గ్రీన్ స్కిల్ డెవలప్‌మెంట్ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. డిగ్రీ దాకా వెళ్లని యువతకు కూడా వర్తించేలా కాలుష్య కొలతలు, మురుగు శుద్ధి ప్లాంట్ల నిర్వహణ, మొక్కల గుర్తింపు వంటి సర్టిఫికెట్ కోర్సులు ఇందులో ఉన్నాయి. రాష్ట్రంలో ఎప్ట్రీ వీటిని నడిపింది.

గిరాకీ ఎక్కడుందో చూడాలంటే నది వెంట తూర్పుకు నడవాలి. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధిచేసే ప్లాంటు ఉంది. 2021లో రూ.3,866 కోట్లతో 31 కొత్త ప్లాంట్లు మంజూరయ్యాయి. వాటిలో నాగోలుది 32 కోట్ల లీటర్లది. ప్లాంటు కట్టడం కాంట్రాక్టరు పని. ట్యాంకులో గాలి తగినంత అందుతోందా, బురదలోని బాక్టీరియా బతికుందా, వదిలే నీటి బీఓడీ ఎంత అన్నది రోజూ, పండగ రోజు కూడా, ఎవరో ఒకరు చూడాలి. నమూనా సీసా మీద తేదీ, వేళ, చోటు రాసి, నాలుగు డిగ్రీల చల్లదనంలో పెట్టి, ఆలస్యం లేకుండా ప్రయోగశాలకు చేర్చాలి.