కోదండం నుంచి కౌన్సెలింగ్ దాకా

"వీడికి కుదురు లేదండి మాస్టారూ, నాలుగు తగిలించండి." అమలాపురం అయినా, రాజోలు అయినా, కొత్తపేట అయినా బళ్ళో చేర్పించేటప్పుడు తండ్రులు చెప్పే మాట ఇదే. ఇప్పుడు అదే పిల్లాడిని చూసి హైదరాబాద్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బాబాయి "ఏడీహెచ్‌డీ ఏమో, ఒకసారి చూపించండి" అంటాడు. వెంటనే ఇంట్లో పెద్దాళ్ళు "మా కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయిరా, అంతా అమెరికా జబ్బులు" అని కొట్టిపారేస్తారు. నిజంగానే లేవా? కాస్త చరిత్ర తిరగేద్దాం.

1822లో మద్రాసు గవర్నరు మన్రో కలెక్టర్లందర్నీ బడుల లెక్కలు పంపమన్నాడు. కోనసీమ అప్పట్లో రాజమండ్రి జిల్లాలో ఉండేది. ఆ జిల్లా నుంచి వెళ్ళిన లెక్కలో బడులు 291, వేదమూ శాస్త్రాలూ చెప్పే పై చదువుల చోట్లు 279. బడి లోపల ఏం జరిగేదో మాత్రం బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో వివరంగా ఉంది. అందరికన్నా ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోతుంది. చదవనివాణ్ణి రెండు చేతులూ కట్టి పైకప్పుకి వేలాడదీసేవారు. మన తాతలు చెప్పే కోదండం అదే. లేదంటే గుంజీలు. గుంజీలు చాలా బాధాకరమే గానీ బహుశా ఆరోగ్యానికి మంచివేమో అని కూడా దొరగారు రాశారు!

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. చదవనివాడు అంటే ఒకటే లెక్క. బద్ధకం వల్ల చదవలేదా, కూర్చోవాలని ఉన్నా కూర్చోలేకపోయాడా అన్న తేడా లేదు. మన భాషలో చెప్పాలంటే అన్ని ఎర్రర్లకీ ఒకటే మెసేజ్, ఒకటే ఫిక్స్.

ఆ తేడా ఉందని కనిపెట్టింది అమెరికా కూడా కాదు. నిలకడలేని ధ్యాస గురించి స్కాట్లాండ్ డాక్టరు అలెగ్జాండర్ క్రైటన్ 1798లోనే రాశాడు. జర్మన్ డాక్టరు హాఫ్మన్ 1840ల్లో పిల్లల కోసం వేసిన బొమ్మల పుస్తకంలో భోజనం బల్ల దగ్గర కుదురుగా కూర్చోలేని ఫిలిప్ అనే కుర్రాడున్నాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు, తెలివికి లోటు లేకపోయినా తమని తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. అమెరికా వంతు ఆ తర్వాతే. 1937లో చార్లెస్ బ్రాడ్లీ 30 మంది పిల్లలకి బెంజిడ్రిన్ ఇచ్చి చూస్తే సుమారు సగం మందికి చదువు మీద ధ్యాస బాగా కుదిరింది. ఏడీహెచ్‌డీ అన్న పేరు స్థిరపడింది 1987లో.

తమాషా ఏంటంటే, అదే 1937లో బొంబాయిలో టాటాల సోషల్ వర్క్ స్కూలు వాళ్ళు మన దేశంలో మొదటి చైల్డ్ గైడెన్స్ క్లినిక్ తెరిచారు. అక్కడ మాత్రం పిల్లాడితో పాటు ఇంటినీ, బడినీ కూడా చూడాలన్న పద్ధతి. అంటే ఒకే ఏడాది అక్కడ మందు, ఇక్కడ మాట!

రెండూ కావాలని తర్వాత తేలింది. 1999లో అమెరికాలో 579 మంది పిల్లల మీద చేసిన పెద్ద అధ్యయనంలో మందు జాగ్రత్తగా వాడితే లక్షణాలు బాగా తగ్గాయి. మందుకి తోడు తల్లిదండ్రులకీ టీచర్లకీ శిక్షణ కూడా ఇచ్చినచోట తక్కువ మోతాదే సరిపోయింది. ఆరేళ్ళ లోపు పిల్లలకైతే ముందు తల్లిదండ్రుల శిక్షణే. అల్లరి చేసే ప్రతి పిల్లాడికీ ఇది ఉన్నట్టు కాదు లెండి. లక్షణాలు పన్నెండేళ్ళ లోపే మొదలై, ఆర్నెల్లు పైగా ఉండి, ఇంట్లోనూ బళ్ళోనూ కూడా కనపడాలి. అది తేల్చాల్సింది డాక్టరు, మనమూ గూగులూ కాదు.

మన వైపు బెత్తం మీద పోరాటం కూడా పాతదే. బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన చలం "బిడ్డల శిక్షణ" రాశాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో బళ్ళో కొట్టడాన్ని నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం దేశమంతటికీ ఆ మాటే చెప్పింది. బాగానే ఉంది. కానీ బెత్తం లాక్కుని మాస్టారి చేతిలో ఏం పెట్టాం?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో గుర్తించాలన్న 30 సమస్యల్లో ఏడీహెచ్‌డీ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో మాత్రం దీని పేరు లేదు. ఆటిజం ఉంది, డిస్లెక్సియా లాంటి చదువు ఇబ్బందులు ఉన్నాయి, ఇది లేదు. అంటే ఒక కాగితం గుర్తిస్తుంది, ఇంకో కాగితం గుర్తించదు. 2022లో కోనసీమ జిల్లా అయ్యేదాకా జిల్లా ఆఫీసు అంటే ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ వెళ్ళాలి. ఇప్పుడు ఆఫీసులు అమలాపురంలోనే ఉన్నాయి. మరి పిల్లాడు కూర్చునే తరగతిలో ఏం మారింది?

అక్కడ కావాల్సింది పెద్ద ఖర్చేం కాదు. ముందు బెంచీలో, కిటికీకి దూరంగా కూర్చోపెట్టడం. పది లెక్కలు ఒకేసారి కాకుండా రెండేసి ఇవ్వడం. మాట చిన్నగా, ఒకసారికి ఒకటే చెప్పడం. చేసిన వెంటనే మెచ్చుకోవడం. మధ్యలో సుద్దముక్క తెమ్మనో, బోర్డు తుడవమనో లేపడం. ఇంట్లో అమ్మా నాన్నా కూడా ఇదే పాటించడం. కౌన్సెలింగ్ అంటే చాలావరకు ఇదే. పిల్లాడికి నీతులు చెప్పడం కాదు, చుట్టూ ఉన్న పెద్దవాళ్ళకి నేర్పడం.

మనలో చాలామంది చదివిన బడికి కంప్యూటర్లు ఇస్తాం, గేటు కట్టించి పేరు రాయించుకుంటాం. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక సైకాలజిస్టుని తీసుకెళ్ళి టీచర్లకి రెండు రోజుల శిక్షణ ఇప్పిస్తే ఎలా ఉంటుంది? గేటు మీద పేరుండదు. కానీ ఏ మూల బెంచీలోనో మొద్దు అనిపించుకుంటున్న ఒక కుర్రాడికి ఆ పేరు తప్పుతుంది. ఏమంటారు?