పాటను పిల్లలకు అప్పగించుట

తిరుమల యాలయములో సంకీర్తనభాండారమను చిన్న రాతిగది కలదు. తాళ్లపాక అన్నమాచార్యులును (1408–1503), ఆయన సంతతివారును రచించిన కీర్తనల రాగిరేకులు అందు చిరకాలము మూతబడి యుండెను. ఇరువదవ శతాబ్దమున వానిని వెలికిదీసి పరిష్కరించిన పండితులకు సంతోషముతోపాటు దుఃఖమును గలిగెను. సాహిత్యము రేకులపై నిలిచియుండెను. కీర్తనకు రాగము పేరును చెక్కబడి యుండెను. స్వరము మాత్రము లేదు. గురువు శిష్యునకు నోట నందించిన వరుస ఏ తరముననో తెగిపోయినది. అందుచేత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు విద్వాంసులు అనేక కీర్తనలకు క్రొత్తగా స్వరము కూర్పవలసి వచ్చెను. నేడు మనము వినుచున్న అన్నమయ్య పాటలలో పెక్కింటికి మాట ఆయనది, వరుస మన కాలమువారిది.

పిల్లలకు పాట నేర్పకుండిన నెంత నష్టమో తెలియుటకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు. నేర్పిన నెంత లాభమో తెలుపుటకు రెండు చరిత్రవిషయములు మనవి చేసెదను.

మొదటిది మన సీమలోనిదే. 1911లో ఏర్పడిన చిత్తూరు మండలమున మదనపల్లె చేరియుండెను. అచ్చట అనీబిసెంటమ్మగారు 1915లో కళాశాలను స్థాపించిరి. దాని అధ్యక్షుడు ఐర్లండు దేశస్థుడగు జేమ్సు కజిన్సు. ఆయన భార్య మార్గరెట్టు పాశ్చాత్యసంగీతమున పట్టము పొందిన విదుషి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటికి విచ్చేసి, ఒకనాటి సాయంకాలము విద్యార్థుల నడుమ ‘జనగణమన’ గీతమును పాడిరి. అది 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో మొదట పాడబడినది. వంగభాష యెరుగని మన బాలురు మరల మరల పాడించుకొని, పల్లవి నందుకొని, కూడి పాడిరి. మార్గరెట్టమ్మగారు విద్యార్థులతో పాడించుచు ఆ వరుసను పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసిరి. ఫిబ్రవరి 28వ తేదిని కవి దానిని ఆంగ్లమున అనువదించిరి. పిమ్మట కళాశాలవారు దానిని ప్రార్థనాగీతముగా గ్రహించిరి. 1950 జనవరి 24న అది జాతీయగీతమైనది. పిల్లల కంఠమును, వ్రాసిన స్వరమును, రెండును గూడుటచే పాటకు మదనపల్లెలో నిలుకడ గలిగెను.

రెండవది సముద్రముల కావలిది. అమెరికాలో నల్లజాతివారి భక్తిగీతములు, పనిపాటలు, బ్యాండుమేళములు కలిసి జాజ్ అను సంగీతము పుట్టెను. మన విద్వాంసులు కల్పనస్వరములు పాడునట్లే, ఆ వాద్యకారులును మూలమగు వరుసను విడువక అప్పటికప్పుడు క్రొత్త పోకడలు కల్పింతురు. న్యూ ఆర్లియన్సు పట్టణమున లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అను పదునొకండేండ్ల పేదబాలుడు, 1912 సంవత్సరాంతపు రాత్రి వీధిలో పిస్తోలు పేల్చినందున బాలుర సంస్కరణాలయమునకు పంపబడెను. అచ్చటి ఉపాధ్యాయుడు పీటర్ డేవిస్ మొదట వానిని నమ్మలేదు. పిదప కంజీరవంటి వాద్యము నిచ్చెను. తరువాత మద్దెల, ఆపై బాకా, తుదకు కార్నెట్టను చిన్న యిత్తడి వాద్యము నిచ్చి మేళమునకు నాయకుని చేసెను. ఆ బాలుడే పెద్దవాడై జాజ్ సంగీతమున జగత్ప్రసిద్ధుడయ్యెను. దండనకై పోయిన చోట విద్య దొరకెను. ఒక్కొక్క మెట్టుగా నమ్మి వాద్య మందించిన గురువు లేనియెడల అది జరిగెడిది కాదు.

మన సంప్రదాయమునను క్రమ మిట్టిదే. సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు, గీతములు నేర్చిన పిదపనే మనోధర్మము. ఆ కట్టుబాటు కల్పనకు అడ్డు కాదు, దానికి పునాది. తిరుపతిలో దేవస్థానమువారు సంగీత నృత్యకళాశాలను నడుపుచున్నారు. అయినను ప్రతి పల్లెబిడ్డయు తిరుపతికి పోజాలదు, పోనక్కరయు లేదు.

మీ యూరి భజనమందిరమున ముసలివారి నోట మాత్రమే మిగిలిన పాట లెన్ని? కోలాటపు వరుసలెన్ని? నాట్లు వేయునపుడు స్త్రీలు పాడిన పాటలు నేటి బాలికలలో నెందరికి వచ్చును? ఫోనులో పట్టియుంచుట మంచిదే, స్వరము దక్కును. కాని పాడువాడు దానివలన పుట్టడు. వానిని మనమే తయారుచేయవలెను.

కావున పెద్దలారా, ప్రతి శనివారము భజనకు పిల్లలను వెనుక వరుసలో గాక ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. తాళము వారి చేతి కిండు. నెల కొక్క పాట చొప్పున నేర్పుడు. స్వరము తెలిసినవారున్న వ్రాయించుడు. తప్పు పాడిన కసరవలదు, మరల పాడించుడు. ఏడాదికి పండ్రెండు పాటలు మీ యూరిలో ఇంకొక తరమునకు దక్కును.