పెద్దపీట, ముక్కాలిపీట

ఒకరిని మిక్కిలి గౌరవించితిమని చెప్పవలసినచో తెలుగువారు ‘పెద్దపీట వేసితిమి’ అందురు. కుర్చీ మన యిండ్లలోనికి నిన్న మొన్న వచ్చినది. పీట దానికంటె చాల పాతది. చుట్టము గుమ్మమున అడుగిడినంతనే ఇల్లాలు మొదట చేయు పని పీట వాల్చుట. ఎవరికి వాల్చితిమి, ఎవరిని నిలువబెట్టి మాటాడితిమి అను దానిలో మన సంఘచరిత్ర కొంత దాగియున్నది. స్టూలు కొనబోవువారు కొలతయు, వన్నెయు, వెలయు విచారింతురు. నేనైతే మరియొక ప్రశ్న కూడ అడుగవలెనందును: ఈ స్టూలు ఎవరు ఎవరి యెదుట కూర్చుండుటకై పుట్టినది?

చేతులు గాని, చేరగిలబడుటకు వెనుకపలక గాని లేని ఆసనమే స్టూలు. 1922లో హోవర్డు కార్టరు ఈజిప్టులో టుటన్‌ఖామను సమాధిని కనుగొన్నప్పుడు బంగారు సింహాసనముతో పాటు స్టూళ్ళును దొరకినవి. కాళ్ళ కొసలను బాతు తలలుగా చెక్కి, ముడిచి వెంట గొనిపోవుటకు వీలుగా చేసిన స్టూళ్ళు ఆ దేశపు పెద్దలవి. అచ్చటి పనివారివి మూడుకాళ్ళ మొరటు పీటలు. రోమునందు కాన్సలు, ప్రీటరు మున్నగు ఉన్నతాధికారులు కత్తెరవలె అడ్డముగా కూర్చిన కాళ్ళుగల దంతపు స్టూలుపై కూర్చుండి తీర్పు చెప్పెడివారు. దానికిని వెనుకపలక లేదు. అధికారియైనవాడు చేరగిలబడరాదని వారి యభిప్రాయము కాబోలు!

ఫ్రాన్సులో ఈ విషయము హాస్యాస్పదమగునంత దూరము పోయినది. 1682లో పదునాలుగవ లూయీ తన కొలువును వెర్సేల్సుకు మార్చెను. చేతుల కుర్చీ రాజునకును రాణికిని చెల్లును. తక్కినవారిలో అధిక సంఖ్యాకులు గంటల తరబడి నిలువవలసినదే. డచ్చెస్సు బిరుదు గల స్త్రీలకు మాత్రము వారి సన్నిధిని ‘టబురే’ యను మెత్త వేసిన చిన్న స్టూలుపై కూర్చుండు హక్కు కలదు. ఆ హక్కు కొరకు కులీనవంశములు చేసిన ప్రయత్నములకు లెక్కలేదు. అంతకు ముందే 1649లో ఇద్దరు స్త్రీలకు ఈ గౌరవము అదనముగా దయచేయగా, ప్రభువంశీయులు పారిసులో సభ తీర్చి అలజడి చేసిరి. రాజ్యము నడపుచుండిన రాజమాత ఇచ్చినదానిని మరల తీసికొనవలసివచ్చెను. లూయీ కొలువులో నుండిన సెంసిమోను అను డ్యూకు తన స్మృతులలో ఇట్టి కూర్చుండు తగవులను పుటలకొలది వ్రాసియుంచెను. జానెడు మెత్త కొరకు ఇంత రభసయా యని మనము నవ్వవచ్చును. కాని మన పెండ్లిపందిళ్ళలో తమకు తగిన చోట ఆసనము వేయలేదని అలిగి వెడలిపోయిన వియ్యపువారిని ఎరుగనివారెవరు?

విప్లవము వచ్చిన పిమ్మట 1793–94లో వెర్సేల్సు సామగ్రి వేలము వేయబడి దేశదేశములకు చెదరిపోయెను. కావున పురాతనమని చెప్పి ఫ్రెంచి ఫణితి స్టూళ్ళను అమ్మువారు నేడును కలరు. నేనును ఒకసారి మోసపోయితిని. నూటయేబది యేండ్ల నాటిదని ఒక దుకాణదారుడు ప్రమాణము చేసి యమ్మిన చెక్కడపు స్టూలును ముచ్చటపడి ఇంటికి తెచ్చుకొంటిని. ఒకనాడు దుమ్ము తుడుచుటకై తలక్రిందులు చేసి చూడగా, మరమేకు తలపై కూడిక గుర్తువంటి గాడి కనిపించినది. అట్టి మేకులు అమెరికాలో 1930 దశాబ్దమున గాని వాడుకలోనికి రాలేదు!

అప్పటినుండి స్టూలును పైనుండి చూచుట మానితిని, బోర్లించి చూతును. కలప ఏండ్లు గడచినకొలది చారకు అడ్డముగా కుంచించుకొనును గాని చార వెంబడి అంతగా తరుగదు. అందుచేత నిజముగా పాతదైన గుండ్రని చెక్కపీటను రెండు దిక్కుల కొలిచినచో ఒక కొలత కొంచెము తక్కువగా నుండును. నిండు వలయముగా నున్నచో సందేహింపుడు. కాళ్ళను కలుపు అడ్డుకర్ర పైభాగము పాదముల రాపిడిచే అరిగియుండవలెను. నాలుగు ప్రక్కల సమముగా అరిగినచో అది ఆకురాయి చేసిన పని. పురుగు తొలిచిన రంధ్రములు చిన్న చుక్కలుగా పైకి తేలుట సహజము. అవి కాలువలవలె పొడుగున తెరచుకొని యున్నచో, పాత దూలమును కోసి కొత్త స్టూలు చేసిరని యర్థము.

పాతదని రుజువైనంత మాత్రమున కొనదగినదని కాదు. పడమటి ఆఫ్రికాలో, నేటి ఘానా దేశమునందు, అసాంటే జాతివారు ఒకే మ్రానుదిమ్మెను తొలిచి, నడుము వంగిన స్టూళ్ళను చేయుదురు. వారి దృష్టిలో అది వట్టి సామాను కాదు. కూర్చుండువాని యాత్మకు నెలవు. పని లేనప్పుడు దానిని ప్రక్కకు ఒరగవేసి యుంచుదురు, దారినబోవు మరియొక యాత్మ వచ్చి కూర్చుండకుండుటకై. గతించిన ప్రభువుల స్టూళ్ళను నల్లగా చేసి ప్రత్యేకగృహమున భద్రపరతురు. వీనియన్నిటికిని పైది స్వర్ణపీఠము. ఒసెయ్ టుటు రాజు కాలమున అది ఆకాశమునుండి దిగినదని వారి నమ్మకము. జాతి యాత్మయంతయు దానియందున్నదట. దానిపై రాజు సైతము కూర్చుండడు.

ఆంగ్లేయులు 1896లో అసాంటే రాజు ప్రెంపేను చెరగొనిరి. 1900 మార్చి 28వ తేదీని గవర్నరు ఫ్రెడరిక్ హాడ్జ్‌సన్ కుమాసి నగరమున పెద్దలను పిలిపించి, ఆ పీఠమును తెచ్చి తనను దానిపై కూర్చుండబెట్టలేదేమని నిలదీసెను. రాజు కూర్చుండని చోట కూర్చుండగోరిన యీ పరదేశిమాట విని పెద్దలు మౌనముగా వెడలిపోయిరి. కొలది దినములలో యుద్ధము వచ్చెను. ఎజిసు రాజమాత యా అసాంటెవా దానికి నాయకురాలు. కుమాసి కోట ముట్టడింపబడెను. పెక్కుమంది జనులు ప్రాణములు గోల్పోయిరి. అసాంటేలు ఓడిరి, ఆమె సేషెల్సు ద్వీపములకు పంపబడి 1921లో అచ్చటనే మరణించెను. కాని పీఠము మాత్రము ఆంగ్లేయుల చేతికి చిక్కలేదు. అమ్మకమునకు చేసిన స్టూళ్ళు ఆ దేశమున ఇప్పుడు పెక్కు దొరకును, వానిని నిశ్చింతగా కొనవచ్చును. నల్లబారిన పాతదానిని ఎవరైన చూపినచో మాత్రము, అది ఎవరి గృహమునుండి ఎట్లు వెడలినదని అడుగకుండ చేయి చాపకుడు.

ఇక నడిమి కాలపు వస్తువులు. ఫిన్లెండు శిల్పి ఆల్వార్ ఆల్టో 1933లో చేసిన ముక్కాలిపీట వీనిలో నాకు మిక్కిలి ఇష్టమైనది. బర్చ్ కలప కర్ర కొసను చార వెంబడి సన్నగా చీల్చి, ఆ చీలికలలో పలుచని చెక్కపొరలను జిగురుతో దూర్చి వంచినాడు. కాలు అట్లే మోకాలివలె వంగి పీట క్రిందికి చేరును. అతుకు తొలుచు పని లేదు. వీపురి పట్టణమున 1935లో తెరచిన గ్రంథాలయపు ఉపన్యాసశాలలో ఇవే వేయబడెను. పని తీరిన పిమ్మట ఒకదానిపై నొకటి పేర్చగా మెలికల మెట్లవలె నిలుచును. ఆ శాలలో డచ్చెస్సుకును చాకలికిని ఒకే ఎత్తు, నలుబది నాలుగు సెంటీమీటర్లు. జపానుదేశీయుడు సోరి యనాగి 1954లో రెండు ప్లైవుడ్ రెక్కలను ఒక లోహపు కడ్డీతో బిగించి చేసిన సీతాకోకచిలుక స్టూలు చూచుటకు ముచ్చట. దీర్ఘకాలము కూర్చుండుటకు అంతగా కాదు.

కొత్తవానిని గూర్చి ఒక్కమాట. మూడు కాళ్ళది ఎగుడుదిగుడు నేలపై కదలదు. కాని ప్రక్కకు వాలినచో బోల్తాపడును. అటక యెక్కువారికిని, వృద్ధులకును నాలుగు కాళ్ళదే మేలు. కాళ్ళు కుసి దిగవేసి బిగించినవో, వట్టి మేకులతో కొట్టినవో వడ్రంగిని పిలిచి చూపుడు.

నా నూటయేబది యేండ్ల స్టూలు మాత్రము ఇంటనే యున్నది. పెరటిలో దానిపై మల్లెకుండీ పెట్టితిమి. దుకాణదారుని మాట తక్క దానిలో వేరు దోషము లేదు, గట్టిగానే నిలిచినది.